పాత రైలు పట్టాలకి అంత డబ్బెందుకు? ఒక కీమేన్ కొడుకు జవాబు

మీరు అడిగింది ఇదీ: "వందే భారత్‌లు వచ్చేశాయి, బుల్లెట్ రైలు కడుతున్నారు, ఇంకా ఆ పాత పట్టాలు, పాత వంతెనలు, సిగ్నళ్ల మీద వేల కోట్లు పోయడం ఎందుకు? ఆ డబ్బుతో ఇంకో నాలుగు కొత్త రైళ్లు వేస్తే పోలా?"

ఈ ప్రశ్న చూసి ఊరుకోలేకపోయాను. మా నాన్న ముప్పై నాలుగేళ్లు పట్టాల మీద నడిచిన మనిషి. గ్యాంగ్‌మన్‌గా చేరి కీమేన్‌గా రిటైరయ్యారు. ఆ ఇంట్లో పెరిగాను కాబట్టి సూటిగా చెబుతున్నా, పాత లైన్ మీద ఖర్చు పెట్టి తీరాలి, కొత్త రైలు కంటే ముందు పెట్టాలి. ఎందుకో కాస్త వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

కీమేన్ అంటే తెలియనివాళ్లకి రెండు ముక్కలు. ఆయనకి ఓ ఆరు కిలోమీటర్ల బీట్ ఉంటుంది. పొద్దున్నే సుత్తి, స్పానర్, సంచిలో నాలుగు క్లిప్పులు (పట్టాని కింది దిమ్మకి పట్టి ఉంచేవి), ఎర్రజెండా, పచ్చజెండా, డిటోనేటర్లు పట్టుకుని ఒక లైన్ మీద వెళ్లి రెండో లైన్ మీద తిరిగొస్తాడు. ఊడిన క్లిప్ కనిపిస్తే కొట్టి బిగిస్తాడు, వదులైన బోల్టు తిప్పుతాడు, అతుకుల దగ్గర వంగి చూస్తాడు. వానైనా ఎండైనా అంతే. కంకర మీద నడిచి నడిచి నాన్న చెప్పులు మూడు నెలలకే అరిగిపోయేవి, నెల సరుకుల చీటీ రాసేటప్పుడు మా అమ్మ చెప్పులకి కూడా ఓ లైను రాసేది.

2000 జనవరి, సంక్రాంతి వెళ్లిన వారం. నేను ఇంటర్ రెండో సంవత్సరం. చలికాలంలో రాత్రిపూట ఇద్దరిద్దరు చొప్పున పట్టాల మీద గస్తీ తిరుగుతారు, ఆ రాత్రి నాన్నకి ఆ డ్యూటీ పడింది. ఆ గస్తీ ఎందుకంటే చలికి ఉక్కు ముడుచుకుంటుంది. ఇప్పటి పట్టాలు ఎక్కడికక్కడ అతికేసి చాలా పొడవుగా ఉంటాయి, ముడుచుకోవడానికి చోటు లేక ఆ లాగుడంతా బలహీనంగా ఉన్న అతుకు మీద పడుతుంది. (ఎండాకాలం దీనికి ఉల్టా, పట్టా సాగి పక్కకి వంకర తిరుగుతుంది.) మూడున్నర దాటాక ఒక అతుకు దగ్గర టార్చి వెలుగులో నల్లటి గీత కనబడిందట. మంచు తుడిచి చూస్తే గీత కాదు, సందు. పట్టా తెగిపోయి ఉంది.

తోటి ఆయన్ని ఎర్ర దీపంతో అక్కడే నిలబెట్టి, రైలు వచ్చే వైపు నాన్న పరిగెత్తారు. రూల్ ప్రకారం 600 మీటర్ల దగ్గర ఒక డిటోనేటర్, 1200 మీటర్ల దగ్గర పది మీటర్లకొకటి చొప్పున మూడు పెట్టాలి. ఇంజన్ చక్రం ఎక్కగానే టపాసులా పేలుతాయి, డ్రైవర్‌కి అదే హెచ్చరిక. చీకట్లో, కంకర మీద, చెప్పులతో 1200 మీటర్ల పరుగు ఎలా ఉంటుందో ఒకసారి ఊహించుకోండి. మూడోది పట్టాకి బిగించి పక్కకి తప్పుకునేసరికి గూడ్స్ హెడ్‌లైట్ కనిపించిందట. పేలాయి, ఆగింది. డ్రైవర్ దిగొచ్చి అడిగిన మొదటి మాట "ఎంత?" అని. నాన్న చూపుడువేలు చూపించి "ఇది దూరుద్దండి" అన్నారట. గూడ్స్ వెనకాల రావాల్సింది జనంతో నిండిన ఎక్స్‌ప్రెస్.

ఆ పొద్దున నేను కాలేజీకి వెళ్లే పాసింజర్ గంటన్నర లేటు. ప్లాట్‌ఫారం మీద అందరూ రైల్వేవాళ్లని తిట్టారు, నేనూ తిట్టాను. సాయంత్రం ఇంటికెళ్లాక అమ్మ చెబితే తెలిసింది. ఆయన మాత్రం ఏమీ చెప్పలేదు, నిద్రపోతున్నారు.

ఇక అసలు సంగతి. తెగిన చోట ముందు రెండు పక్కలా జాగిల్డ్ ఫిష్‌ప్లేట్లు పెట్టి క్లాంపులు బిగించారు. అంటే అతుకు ఉబ్బుకి తగలకుండా మధ్యలో వంపు ఉండే ఇనప పలకలు. దాని మీద రైళ్లని మెల్లగా నడిపించారు. కొన్ని రోజులకి లైన్ ఖాళీగా దొరికినప్పుడు ఆ భాగం కోసేసి, కొత్త ముక్క పెట్టి, రెండు చివర్లా థర్మిట్ వెల్డ్ చేశారు, అంటే కరిగిన ఉక్కు పోసి అతికారు. ఇక్కడ ఒకటి గమనించండి, ఒక అతుకు పోయి రెండు అతుకులు వచ్చాయి. రేపు చలికి తెగడానికి ఇంకో చోటు తయారైందన్నమాట. నాన్న దీన్ని "మాసిక వేయడం" అనేవారు. పాత చీరకి మాసిక వేస్తే మాసిక గట్టిగానే ఉంటుంది, దాని అంచు దగ్గర బట్ట పిగులుతుంది. ఆ పట్టా అప్పటికే మార్చాల్సిన వయసు దాటింది. మార్చాలని పై ఆఫీసుకి రాసి ఉంది, కానీ వరసలో ఇంకా ముందున్న సెక్షన్లు ఉన్నాయి, డబ్బు లేదు. ఆ తర్వాత మూడేళ్లలో ఆయన బీట్‌లో అలా కోసి అతికిన ముక్కలు పదకొండు. ఆయన డైరీలో కిలోమీటరు నంబర్లతో సహా ఉన్నాయి, నేను చూశాను.

పట్టాకి వయసు ఏళ్లలో లెక్కపెట్టరు, మోసిన బరువులో లెక్కపెడతారు. మీటరుకి 52 కిలోలు తూగే పట్టా అయితే దాని మీద 525 మిలియన్ టన్నులు పోయాక మార్చాలి, 60 కిలోలదైతే 800 మిలియన్ టన్నులు. ఏడాదికి 50 మిలియన్ టన్నులు పోయే రద్దీ లైన్ మీద మొదటిది పదిన్నరేళ్లు, రెండోది పదహారేళ్లు వస్తుంది. కంకర కూడా అంతే, పదేళ్లకోసారి మొత్తం తోడి జల్లించి మట్టి తీసేయాలి, లేకపోతే నీళ్లు దిగవు, పట్టా కుంగుతుంది. మాలాంటి డెల్టా నేలల్లో ఇంకా తొందరగా కుంగుతుంది. అంటే ఎప్పుడు ఏ ముక్క మార్చాలో చాలా ముందే తెలిసిపోతుంది. ఇందులో ఆకస్మికం అనేది తక్కువ. తెలిసీ మార్చకపోతే అది బకాయి. రైల్వేలో కూడా దాన్ని బకాయి లెక్కల్లోనే చూస్తారు.

ఆ బకాయి పెరిగి పెరిగి, 1998లో వేసిన జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా కమిటీ దీనికి విడిగా డబ్బు పెట్టకపోతే కుదరదని గట్టిగా చెప్పింది. దాంతో 2001లో 17,000 కోట్లతో ప్రత్యేక భద్రతా నిధి పెట్టారు. అప్పట్లో ప్రయాణాలు చేసినవాళ్లకి గుర్తుండే ఉంటుంది, టికెట్ మీద సేఫ్టీ సర్‌ఛార్జి అని కొన్ని రూపాయలు అదనంగా తీసుకునేవాళ్లు. జనం గొణిగారు. కానీ ఆ డబ్బుతో కాలం తీరిన పట్టాలు, వంతెనలు, సిగ్నళ్లు మార్చారు. 2003లో నాన్న బీట్‌లో పాత 52 కిలోల పట్టా తీసి 60 కిలోలది వేశారు. ఆ పదకొండు ముక్కలూ ఒకేసారి పోయాయి. ఆ తర్వాత రెండు చలికాలాలు ఆయన బీట్‌లో పట్టా తెగిన కేసు ఒక్కటీ లేదు. డబ్బు పెడితే ఏమవుతుందో నేను మా ఇంట్లోనే చూశానని అందుకే అంటున్నా.

దేశం మొత్తం మీద లెక్క కూడా ఇదే చెబుతుంది. 2000-01లో పెద్ద రైలు ప్రమాదాలు 473, 2014-15లో 135, 2023-24లో 40. కాపలా లేని లెవెల్ క్రాసింగుల సంగతి తీసుకోండి. 2014 జూలైలో మెదక్ జిల్లా మాసాయిపేటలో స్కూల్ బస్సుని రైలు కొట్టిన రోజు ఎవరం మర్చిపోలేం. ఆ తర్వాత వెంటపడి అండర్‌పాస్‌లు కట్టి, గేట్లు పెట్టి, కొన్ని మూసేసి, 2019 జనవరి నాటికి బ్రాడ్‌గేజ్ మీద కాపలా లేని గేటు ఒక్కటి లేకుండా చేశారు. ఊరి బయట మనం విసుక్కుంటూ దాటే, వానాకాలం నీళ్లు నిలిచే ఆ అండర్‌పాస్‌లు చాలావరకు ఆ పనిలో భాగమే.

అయితే ఇప్పుడు అంతా బాగుందా అంటే, లేదు. 2017లో రాష్ట్రీయ రైల్ సంరక్షా కోష్ అని ఐదేళ్లకి లక్ష కోట్లతో మళ్లీ నిధి పెట్టారు. ఏటా 20,000 కోట్లు, అందులో 5,000 కోట్లు రైల్వే తన సంపాదనలోంచి వేయాలి. ప్రభుత్వ ఖర్చుల లెక్కలు తనిఖీ చేసే కాగ్ 2022లో ఇచ్చిన నివేదిక చూస్తే రైల్వే తన వాటా సరిగ్గా వేయలేకపోయింది. అదే నివేదికలో పట్టాల మార్పిడికి 2018-19లో 9,607 కోట్లు కేటాయిస్తే మరుసటి ఏడాదికి అది 7,417 కోట్లకి తగ్గిందని ఉంది. 2017 నుంచి 2021 మధ్య 1,127 పట్టాలు తప్పిన ఘటనలు జరిగితే అందులో 289 పట్టాల మార్పిడితో ముడిపడినవట. అంటే నాలుగింటిలో ఒకటి. పదకొండు మాసికల లాంటి బీట్లు దేశంలో ఇంకా ఎన్ని ఉన్నాయో ఆ అంకె చూస్తే అర్థమవుతుంది. కొత్త స్టేషన్ భవనం, కొత్త రైలు అయితే రిబ్బన్ కట్ చేస్తారు, ఫొటోలు పడతాయి. పట్టా మారిస్తే ఎవరూ రారు, కాబట్టి డబ్బు తక్కువైనప్పుడు మొదట కోత పడేది దాని మీదే. నాకు బాధ కలిగేది ఇక్కడే.

వంతెనల గురించి అడిగారు కదా. మన రాజమండ్రి గోదావరే మంచి ఉదాహరణ. హేవలాక్ వంతెన 1900లో మొదలైంది, 1997 వరకు రైళ్లు నడిచాయి. చిన్నప్పుడు నేను దాని మీద వెళ్లాను, కిటికీలోంచి అమ్మ నా చేత గోదారమ్మకి రూపాయి బిళ్ల వేయించేది, గడ్డర్లకి తగిలి ఠంగుమని మోగితే పడలేదని ఇంకోటి ఇచ్చేది. అది పాడయ్యేదాకా ఆగి అప్పుడు తడుముకోలేదు. 1974లో రోడ్డు, రైలు కలిసిన వంతెన వచ్చింది, 1991లోనే మూడోదాని పని మొదలుపెట్టి 1997లో ఆర్చ్ వంతెన తెరిచాకే పాతదానికి సెలవిచ్చారు. పాతది మూసేశారని గోదావరి దాటడం ఆగలేదు. పనంటే అలా జరగాలి.

అలా జరగనప్పుడు ఏమవుతుందో చూడండి. పాంబన్ వంతెన 1914 నాటిది. 2022 డిసెంబరులో దాని మీద రైళ్లు ఆపేశారు, కొత్తది తెరిచింది 2025 ఏప్రిల్‌లో. అంటే రెండేళ్ల పైన రామేశ్వరానికి రైలు లేదు. 2023లో అమ్మానాన్నలని తీసుకెళ్లినప్పుడు మండపం స్టేషన్‌లో దిగి సామాన్లు మోసుకుంటూ బస్సెక్కాల్సి వచ్చింది. మోకాళ్ల నొప్పులతో అమ్మ ఆ బస్సు మెట్టు ఎక్కలేక నిలబడిపోయింది. ఇదేదో ఘోరమని అనను, ప్రమాదం జరక్కుండా ఆపినందుకు సంతోషమే, కానీ కొత్తది నాలుగేళ్లు ముందే మొదలుపెట్టి ఉంటే బాగుండేది. దేశంలో లక్షన్నర రైలు వంతెనలు ఉన్నాయి, వాటిలో వందేళ్లు దాటినవి 37 వేలకు పైనే. వందేళ్లు దాటితే పనికిరాదని కాదు, రాతి వంతెనలు చాలా గట్టివి, వానాకాలానికి ముందొకసారి తర్వాతొకసారి తనిఖీ చేస్తారు. కానీ అప్పట్లో కట్టినప్పుడు ఉన్న బరువులు వేరు, వానలు వేరు.

వానలంటే గుర్తొచ్చింది. 2005 అక్టోబరు 29న వలిగొండ దగ్గర వరదకి చిన్న వంతెన కొట్టుకుపోయి డెల్టా పాసింజర్ వాగులో పడింది, వందమందికి పైగా పోయారు. మా వైపు నుంచి హైదరాబాద్ వెళ్లేవాళ్ల ఇళ్లల్లో ఆ రోజు ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. 2024 సెప్టెంబరు 1న కేసముద్రం, ఇంటికన్నె మధ్య కట్ట కింద మట్టీ కంకరా కొట్టుకుపోయి పట్టాలు గాల్లో వేలాడాయి, ఆ ఫొటోలు మీరూ చూసే ఉంటారు. ఈసారి రైళ్లు ముందే ఆపగలిగారు, వందలాది రైళ్లు రద్దయ్యాయి, కొన్ని రోజులు రాత్రింబవళ్లు పనిచేసి మళ్లీ లైన్ నిలబెట్టారు. చెరువు తెగినా వాగు పొంగినా నీళ్లు పోవడానికి సరిపడా తూములు ఆ కట్ట కింద ఉండాలి. ఆనాటి వానలకి లెక్కేసి కట్టిన తూములవి. వాటిని పెద్దవి చేయడం కూడా మీరు దండగ అంటున్న ఖర్చులోదే.

సిగ్నళ్ల గురించి క్లుప్తంగా. 2023 జూన్‌లో బాలాసోర్ ప్రమాదం, సిగ్నల్ సర్క్యూట్‌లో మార్పు తప్పుగా చేయడం వల్ల కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ మెయిన్ లైన్ వదిలి పక్కనుండే లూప్ లైన్‌లోకి వెళ్లింది. అదే ఏడాది అక్టోబరు 29న విజయనగరం జిల్లా కంటకాపల్లి దగ్గర ఒక పాసింజర్‌ని వెనక నుంచి ఇంకో పాసింజర్ కొట్టింది. సిగ్నళ్లు పాడై ఉన్న చోట భారమంతా మనిషి మీద పడింది, పొరపాటు జరిగితే ఆపే కవచ్ ఆ లైన్‌లో లేదు. కవచ్ మొదట వేసింది మన దక్షిణ మధ్య రైల్వేలోనే, 2023 చివరికి అక్కడ 1,465 కిలోమీటర్లు. దేశంలో మొత్తం రూట్ 68 వేల కిలోమీటర్ల పైచిలుకు. అప్పటికి ఇంకా ఎంత దూరం మిగిలి ఉందో మీరే చూడండి.

ఇప్పుడు మీరు చెప్పిన వందే భారత్ దగ్గరికొద్దాం. నేనేం వ్యతిరేకిని కాదు, సికింద్రాబాద్ నుంచి రాజమండ్రికి అందులో చాలాసార్లు వెళ్లాను, బాగుంటుంది. కానీ 160 వేగంతో పోగల ఆ బండి సికింద్రాబాద్ నుంచి విశాఖకి సుమారు 700 కిలోమీటర్లు వెళ్లడానికి ఎనిమిదిన్నర గంటలు పడుతుంది. బండి తప్పేం లేదు. కింద పట్టా, వంపులు, స్టేషన్ యార్డులు, ముందు నడుస్తున్న గూడ్స్, ఎక్కడికక్కడ కాషన్ ఆర్డర్లు (ఇక్కడ మెల్లగా వెళ్లమనే ఆదేశాలు), ఇవన్నీ ఎంత పోనిస్తే అంతే పోతుంది. మూడో లైన్ పూర్తి చేసి, వంపులు సరిచేసి, పట్టా గట్టిపరిస్తే ఇదే బండి ఇంకా ముందు చేరుతుంది, దాంతోపాటు మా పాసింజర్లూ, ఎరువుల గూడ్స్‌లూ ముందు చేరతాయి. కొత్త రైలు కావాలన్నా ముందు పాత లైనే బాగుపడాలి.

"డబ్బు ఎక్కడినుంచి?" అని కింద కామెంట్లలో ఒకాయన అడిగారు. టికెట్ మీద చూసే ఉంటారు, ప్రయాణం ఖర్చులో సగటున 57 శాతమే వసూలవుతోందని ముద్రించి ఉంటుంది. మిగతాది గూడ్స్ సంపాదనలోంచీ మన పన్నుల్లోంచీ వస్తోంది. నా అభిప్రాయం, భద్రతకి అని చెప్పి, ఏ లైన్‌కి ఎంత పెట్టారో లెక్క చూపించి, పది రూపాయలు అడిగితే జనం ఇస్తారు. 2001లో ఇచ్చారు కదా. సెకండ్ క్లాసు సీజన్ టికెట్‌వాళ్లని మాత్రం వదిలేయాలి, కూలికి వెళ్లేవాళ్లకి ఆ పది కూడా భారమే.

కానీ డబ్బుతోపాటు ఇంకో రెండు కావాలి, వాటి గురించి ఎవరూ మాట్లాడరు. ఒకటి మనుషులు. పట్టా మీద నడిచేవాళ్లని తగ్గించుకుంటూ పోయి, ఉన్నవాళ్ల బీట్ పొడిగిస్తే కంటికి కనబడేవి కూడా కనబడవు. లోపలి పగులు పట్టే అల్ట్రాసోనిక్ మిషన్లు వచ్చాయి, మంచిదే, కానీ ఊడిన క్లిప్‌ని బిగించేది మనిషే. రెండోది టైం. పట్టా మార్చాలన్నా కంకర జల్లించాలన్నా ఆ లైన్ మీద కొన్ని గంటలు రైళ్లు ఆపాలి, దాన్నే బ్లాక్ అంటారు. రైళ్లు పెరిగేకొద్దీ బ్లాక్ దొరకదు. ఖజానాలో డబ్బుండి, గోదాంలో పట్టాలుండి, మనుషులుండి, బ్లాక్ లేక పని ఆగిపోయిన రోజులు నాన్నకి ఎన్నో. కాబట్టి మీ రైలు "ట్రాక్ మెయింటెనెన్స్ వల్ల" రద్దయిందని మెసేజ్ వస్తే దయచేసి తిట్టకండి. నేను ఆ ఇంటర్ రోజు తర్వాత ఎప్పుడూ తిట్టలేదు.

మొన్న దసరాకి ఊరెళ్లాను. రాత్రి పదకొండు దాటాక, మందుల షాపు నుంచి నాన్నని బండి మీద తీసుకొస్తుంటే గేటు దగ్గర ఫ్లడ్ లైట్లు వెలుగుతున్నాయి, పట్టా మారుస్తున్నారు. కొత్త పట్టా నల్లగా పక్కన పరిచి ఉంది, పాతది కోసిన చోట నిప్పురవ్వలు లేస్తున్నాయి. నాన్న బండి ఆపమన్నారు. డెబ్బై దాటిన మనిషి, చలిగాలి, వద్దన్నా వినలేదు. అక్కడ నీళ్లు తాగుతున్న కుర్రాడిని, ఆరెంజ్ జాకెట్ వేసుకుని ఉన్నాడు, అడిగారు.

"ఎన్ని గంటలిచ్చార్రా బ్లాక్?"

"నాలుగు అడిగాం బాబాయ్, రెండున్నర ఇచ్చారు."

"సరిపోద్దా?"

"చెయ్యాలి మరి."

నాన్న వాచీ చూసుకున్నారు. ఇంకా గంటా పది నిమిషాలు ఉందట. అయ్యేదాకా ఇక్కడే ఉంటాను, నువ్వెళ్లు అన్నారు. నేను బండి స్టాండ్ వేసి ఆయన పక్కనే నిలబడ్డాను.